మూడో సిలిండర్ సాక్ష్యం

మా షెడ్డులోకి ఏ కారు వచ్చినా అన్నయ్య మొదట చేసే పని, స్కానర్ తగిలించి, కారు కంప్యూటర్‌లో పడిన లోపం కోడ్ తుడిచేసి, ఇంజిన్ లైటు ఆర్పేయడం. లైటు ఆరితే బండి తెచ్చినవాళ్లు సంతోషిస్తారు, వాళ్లు సంతోషిస్తే మావాడికి సంబరం. ఎందుకు వెలిగిందో ఆ వివరం కూడా కోడ్‌తో పాటే పోతుందని నేను మొత్తుకుంటూనే ఉంటాను. చెల్లెలి మాట చెవికెక్కించుకున్న అన్న ఎక్కడైనా ఉన్నాడా?

ఈసారి లైటు వెలిగింది నాన్న కారులో. జీవితమంతా ఎవరెవరివో కార్లు నడిపి, ఆ ఉద్యోగం మానేశాక తనకంటూ కొనుక్కున్న పాత కారు అది. "పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణుకుతోందిరా," అంటూ తెచ్చేవాడు. అన్నయ్య నడిపి చూస్తే ఏ వణుకూ ఉండేది కాదు. కోడ్ తుడిచేసి పంపేవాడు. నాలుగు రోజులు తిరక్కుండానే నాన్న మళ్లీ హాజరు.

చివరికి అన్నయ్యకు విసుగొచ్చింది.

"వణికేది కారు కాదు నాన్నా, నీ చేతులు. ఇక ఆ తాళం నాకిచ్చెయ్. ఎక్కడికెళ్లాలన్నా నేను దింపుతా కదా!"

నాన్న తాళం బల్ల మీద పెట్టి, చేతులు రెండూ జేబుల్లో దాచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది, ఆ చేతులు నిజంగానే వణుకుతున్నాయేమోనని.

"ఈ ఒక్కసారికి కోడ్ తుడవకు. ఆ స్కానర్ ఇలా ఇవ్వు," అన్నాను.

మూడో సిలిండర్ మిస్సింగ్ అని చూపించింది, అంటే అందులో పెట్రోలు సరిగ్గా మండటం లేదు. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో కారు కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. కోడ్ తుడిస్తే అదీ పోతుంది కాబట్టి ఇన్నాళ్లూ మేం దాని మొహం చూడలేదు. ఇప్పుడు చూస్తే, ఆ క్షణంలో ఇంజిన్ చల్లగా ఉంది. బండి ఇంకా కదలనేలేదు. మా దగ్గరికి వచ్చేసరికేమో వేడెక్కి, బుద్ధిమంతురాలైపోతోంది.

చల్లగా ఉండగా చూడాలంటే నాన్న ఇంటి దగ్గరే చూడాలి. "ఒక్క రోజు ఆగు," అని అన్నయ్యను బతిమాలి, కారూ తాళమూ నాన్నకే ఇచ్చి పంపాను. మర్నాడు పొద్దున్నే అన్నయ్యను వెంటేసుకుని వెళ్లాను.

నాన్న బానెట్ ఎత్తి, మగ్గుతో ఇంజిన్ మీద నీళ్లు పోస్తున్నాడు.

"ఇదేంటి నాన్నా?"

"రోజూ చేసేదేగా! దుమ్ము బండి బయటికి తీస్తే డ్రైవర్‌కు పరువు తక్కువ."

స్టార్ట్ చేయమన్నాను. కారు గజగజ వణికింది. స్టీరింగ్ మీద నాన్న చేతులు మాత్రం నిలకడగా ఉన్నాయి. అన్నయ్య వాటినే చూస్తూ నిలబడిపోయాడు.

బండి ఆపించి మూడో సిలిండర్ ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ ఊడదీశాను. దాని రబ్బరు ఎండి బీటలు తీసింది. లోపల ప్లగ్గు చుట్టూ నీళ్లు, అందుకే నిప్పురవ్వ సరిగ్గా పడటం లేదు. కాస్త దూరం నడిస్తే ఆ వేడికి ఆరిపోతాయి, షెడ్డు చేరేసరికి సాక్ష్యం మాయం.

నాన్న మొహం చిన్నబోయింది. "అయితే నా చేతులారా నేనే చేసుకున్నానన్నమాట."

"పాడైంది రబ్బరు నాన్నా, నువ్వు కాదు. ఇంజిన్‌ను మాత్రం ఇకనుంచి గుడ్డతో తుడువు, చాలు."

నీళ్లు తీసేసి, అవసరం పడొచ్చని వెంట తెచ్చిన కొత్త రబ్బరు తొడిగి కాయిల్ బిగించాను. ఇంజిన్ ఏ వణుకూ లేకుండా తిరిగింది. కోడ్ తుడవమని స్కానర్ అన్నయ్యకిచ్చాను. వాడు దాన్ని నాన్న చేతికిచ్చి, ఏ బటన్ నొక్కాలో చూపించాడు. లైటు ఆరింది.

అన్నయ్య చుట్టూ తిరిగి వెళ్లి, డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నాడు. సొంతంగా నడపడం వచ్చాక వాడు నాన్న పక్కన అలా కూర్చోగా నేను చూడలేదు.

"షెడ్డు దాకా దింపుతావా నాన్నా?"

నాన్న అద్దం సరిచేసుకున్నాడు.

"ముందు బెల్టు పెట్టుకో," అన్నాడు.