చూపులయ్య చూడని పని

ఛీ, పేర్లు మార్చడం కూడా ఒక పనేనా! కంటి ఆసుపత్రి రికార్డుల గదిలో అందరూ అక్కా అని పిలిచే ఆవిడకి తొమ్మిది రోజులుగా ఇదే రాత. రోగుల కంటి ఫొటోలు ఆరు వేలు. ఒక్కోదాని మీద మౌసుతో నొక్కడం, దాని పేరుకి ముందు ఫొటో తీసిన తేదీ కొట్టడం, ఇంకోదానికి పోవడం. కుడి మణికట్టు వాచిపోయింది. ఇలాగే సాగితే ఆపరేషన్ తప్పదని ఎముకల డాక్టరు తెగేసి చెప్పాడు.

కంప్యూటరుకి మౌసు లేకుండా రాతతోనే ఆదేశాలిచ్చే నల్ల తెర ఒకటుంది; దాని మీద ఒక్క వరుస టైపు చేస్తే పేర్లన్నీ ఒకేసారి మారతాయి. ఆ మాట మేనేజరుకి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే! ఏదైనా తన కళ్ళముందే జరగాలంటాడని ఆయనకి చూపులయ్య అని పేరు పెట్టారు.

"ఆ నల్ల తెరలో ఏం జరుగుతుందో ఎవడికి తెలుసమ్మా? మౌసైతే బాణం కదులుతూ కనిపిస్తుంది. నిజాయితీగా ఉంటుంది."

బాణానికి నిజాయితీ అట. వినడానికే రోత.

పదో రోజు ఆవిడకి ఒళ్ళు మండింది. ముందు ఇరవై ఫొటోలు వేరే ఫోల్డరులోకి కాపీ చేసి, వాటి మీద ఆ వరుస నడిపి చూసుకుంది. సరిగ్గా వచ్చాయి. అప్పుడు మిగతా అన్నిటి మీదా నడిపింది. కాఫీ చల్లారేలోగా అయిపోయింది. రిజిస్టరుతో యాభై సరిచూసింది, ఒక్క తప్పు లేదు.

చూపులయ్య వచ్చి మొహం ముడుచుకున్నాడు.

"నేను చూడకుండా ఎలా అయింది?"

"ఏది కావాలంటే అది తెరిచి చూసుకోండి సార్."

"అయిందా లేదా అని కాదమ్మా. అవుతున్నప్పుడు ఎవరు చూశారు?"

ఆవిణ్ణి లేపి కుర్చీలో కూర్చున్నాడు. మౌసుతోనే, ఎంతో ముచ్చటగా, ఆరు వేల ఫొటోల ఫోల్డరు మొత్తం తుడిచేసి, పేర్లు మార్చకముందు దాచి ఉంచిన పది రోజుల కిందటి కాపీని దాని చోట పెట్టాడు. తొమ్మిది రోజుల చాకిరీ కూడా బూడిదలో పోసిన పన్నీరయింది.

"ఇప్పుడు మొదట్నుంచీ చెయ్యండి. పక్కనే కూర్చుంటా."

ఆవిడకి కోపం ఎప్పుడో దాటిపోయింది, మిగిలింది వట్టి అసహ్యం. ఈ మనిషికి పని అక్కర్లేదు, అరిగే చెయ్యి కావాలి. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. ఎడమ చేత్తో మౌసు పీకి ఆయన ఒళ్ళో పడేసింది.

"చెయ్యి కదలడమే చూడాలనుంటే మీది చూసుకోండి సార్. ఇది నాది."