చిట్వేలి పంది

కువైట్ ఎడారిలో తెల్లవారుతూనే పెంచల్ ముందు గొర్రెల తొట్టి చూసేవాడు, తర్వాత పంది గిన్నె. గొర్రెల తొట్టిని ట్యాంకరువాడు వచ్చి నింపిపోయేవాడు. పంది గిన్నె నింపడం మాత్రం పెంచల్ సొంత పని. సొట్టలు పడిన ఆ రేకు గిన్నెను కఫీలే, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానే, ఇచ్చాడు.

"అది దాని దారిన ఉండనీ," అన్నాడు కఫీలు అబూ ఫహద్, పందిని మొదటిసారి చూసిన రోజు. "నా గొర్రెలు తాగే నీళ్లలో మాత్రం మూతి పెట్టకూడదు. నేను టెంటులో ఉన్నప్పుడు ఇటువైపు రాకూడదు." ఆ మాటతో ఆ సంగతి ఖలాస్. తర్వాత ఎప్పుడో ఒకసారి టీ తాగుతూ, "దీనికి ఈ దేశంలో ఉండే ఇఖామా కాగితం చేయించావా లేదా?" అని అడిగి తనే నవ్వుకున్నాడు. చుట్టూ ఇసుక తప్ప మరేమీ లేని ఆ చోట నవ్వడానికి దొరికిన దాన్ని ఎవరు వదులుకుంటారు!

ఆ అడవి పంది పెంచల్ వాళ్ల ఊరిది. కడప జిల్లాలో చిట్వేలి అవతల, వెలికొండ అంచున పెరిగింది. అక్కడ శెనక్కాయ చేలల్లో పందులు పడితే ఒక్క రాత్రిలో ఎకరం దున్నిపెడతాయి. అందుకని ఊరివాళ్లు పెంచల్ నాయన కాలం నుంచీ ఆ ఇంటివాళ్లనే పిలిచేవాళ్లు. నాటు తుపాకి వాళ్లది, కుక్కలు వాళ్లవి, కట్టుబాటూ వాళ్లదే. ఆ కట్టుబాటు చిన్నదే. గాయం చేసినవాడే వెంట పోవాలి. ఎంత దూరమైనా సరే, పంది పడేదాకా పోవాలి. ఇంకొకడు దాన్ని ముగించకూడదు. పడిన పంది నోట్లో ఇంటి ఆడది గడప దగ్గర నీళ్లు పోయాలి. ఆ నీళ్లు తాగందే వేట ముగిసినట్టు కాదు.

పెంచల్ ఆ పందిని ఎడమ జబ్బ మీద కొట్టాడు. అది పొదల్లోకి దూరింది. నెత్తుటి చుక్కలు చూసుకుంటూ వెంట పడబోతుండగా బామ్మర్ది రొప్పుకుంటూ వచ్చాడు. కువైట్ వీసా వచ్చిందట. జీపు రోడ్డు మీద నిలబడి ఉందట, బొంబాయి రైలు అందుకోవాలట. పెంచల్ నెత్తుటి వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. దూరపు కొండలు నునుపు అంటారు. కువైట్‌లో కొండలే లేవు గనక అది మరీ నున్నగా కనపడింది. అతను జీపు వైపు నడిచాడు.

ఇంటి గడపలో అతని భార్య సిద్ధమ్మ ఇత్తడి చెంబుతో నిలబడి ఉంది.

"ఏదయ్యా పంది?" అంది.

"వీసా వచ్చిందే."

"గాయం చేసి ఇడిసిపెడితే అది ఊరుకుంటాదా?" అంది సిద్ధమ్మ, చెంబు అట్లాగే పట్టుకుని.

ఊరుకోలేదు. వేటగాడు వేట వెంట పోకపోతే, వేటే వేటగాడి వెంట వస్తుంది. పెంచల్ ఎడారికి వచ్చిన మొదటి చలికాలంలో ఒక సాయంత్రం అది ఇసుక తిన్నె వెనకనుంచి కుంటుకుంటూ వచ్చింది. జబ్బ మీద గాయం పచ్చిగానే ఉంది. పెంచల్ విమానంలో వాంతులు చేసుకుంటూ వచ్చాడు, అది సముద్రం దాటుకుని వచ్చింది. ఎవరి తిప్పలు వాళ్లవి.

ఆనాటి నుంచి రోజూ పొద్దుగూకే వేళకు వచ్చేది. నీళ్లు తాగేది. కాసేపు నిలబడేది. తర్వాత నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసేది. రమ్మని పిలుస్తోందని పెంచల్‌కు తెలుసు. తెలిసే కదిలేవాడు కాదు. గొర్రెలను ఎవరు చూస్తారు అనేవాడు, ఇసుక గాలి అనేవాడు, కాళ్లు నొప్పులు అనేవాడు. పోకపోగా దాని ముందు కూర్చుని కబుర్లు మొదలుపెట్టేవాడు.

"ఈయేడు వానలు పడినాయంటనా? మా చేను కాడ వంక పారిందంటనా?"

పంది చెవులు ఆడించేది. ఆ ఎడారి మొత్తంలో ఆ వంకను చూసిన ప్రాణి అదొక్కటే. చుట్టుపక్కల మనిషంటూ ఉన్నది అవతలి దొడ్డిలో ఒంటెలు కాసే సూడాన్‌వాడు ఇద్రీస్. అతనికీ పెంచల్‌కూ మధ్య ఉన్న అరబ్బీ మాటలు రొట్టె, నీళ్లు, దేవుడు దగ్గరే అయిపోయేవి. కొన్ని రోజులు పెంచల్ తన గొంతు తానే వినేవాడు కాదు. పంది వచ్చాకే నోరు తెరిచేవాడు.

మరుసటి ఏడు సిద్ధమ్మ కూడా కువైట్ వచ్చింది. కువైట్ సిటీ అంచున అబూ ఫహద్ చెల్లెలి ఇంట్లో, మిష్రిఫ్‌లో పని. ఒకే దేశంలో ఉన్నామన్న మాటే గానీ మొగుడూ పెళ్లాల మధ్య సగం ఎడారి ఉంది. కఫీలు దాణా కోసం ఊళ్లోకి వచ్చిన శుక్రవారాలు పెంచల్‌ను ఖైతాన్‌లో దింపేవాడు. వాళ్ల మామా, అంటే ఇంటి యజమానురాలు, ఒప్పుకుంటే సిద్ధమ్మ డ్రైవరు కారులో వచ్చేది. సందులో ఒక రాయచోటాయన టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చునేవాళ్లు.

"నువ్వుండే ఇల్లు యాడుంటాదే?" అని అతను ఎన్నిసార్లో అడిగాడు.

"తెల్ల గోడ. కాగితం పూల చెట్టు. పెద్ద గేటు," అనేది. మిష్రిఫ్‌లో అన్నిళ్లకూ తెల్ల గోడలే, కాగితం పూలే, పెద్ద గేట్లే. అంతకు మించి ఆమెకూ తెలియదు. కారులో వెళ్లి కారులో వచ్చే మనిషికి దారి ఏం తెలుస్తుంది?

"అది బాగుండాదా?" అని ఆమె ప్రతిసారీ పంది సంగతి అడిగేది.

"కుంటతా ఉండాది."

"ఎంట పోరాదా? ఎన్నాళ్లు తిప్పుతావయ్యా ఆ మూగజీవాన్ని?"

ఒకసారి పెంచల్ గ్లాసు కింద పెట్టాడు. "ఎంట పోతే అది యాడో ఒకకాడ పడిపోతాది. అది పడిపోతే ఇంగ నాకెవురుండారు ఆడ?" అన్నాడు.

సిద్ధమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తన బన్ను సగం తుంచి అతని చేతిలో పెట్టింది.

ఆగస్టు నెల మొదట్లో ఒక ఉదయం అబూ ఫహద్ జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. జీపు నిండా పిల్లలు, పరుపులు, ఆడవాళ్లు. ఇరాకు సైన్యం ఊళ్లోకి దిగిందని, సౌదీకి పోతున్నామని చెప్పాడు. కుందేళ్ల వేటకు వాడే తన రైఫిలును పెంచల్ చేతిలో పెట్టి, గొర్రెలు జాగ్రత్త అన్నాడు.

"నా పెండ్లాం? మీ చెల్లెలి ఇంట్లో?"

"వాళ్లు కూడా బయల్దేరే ఉంటారు," అన్నాడు కఫీలు. చెప్పేటప్పుడు అతను పెంచల్ మొహం చూడలేదు. సిద్ధమ్మను వాళ్లు వెంట తీసుకుపోయారని మాత్రం అనలేదు.

తర్వాత సైనికుల లారీ వచ్చి గొర్రెలన్నిటినీ ఎక్కించుకుపోయింది. రైఫిలు ఇసుకలో దాచి పెంచల్ చేతులు కట్టుకు నిలబడ్డాడు. నీళ్ల ట్యాంకరు రావడం మానేసింది. పిండి అయిపోయింది. రోజూ అరిచి చెవులు తినే గొర్రెలు లేకపోయేసరికి, ఆ నిశ్శబ్దం అతనికి ఆకలికన్నా కష్టంగా తోచింది. సిద్ధమ్మ బతికుందో లేదో తెలియదు. అడగడానికి మనిషి లేడు.

ఒక సాయంత్రం ఇద్రీస్ ఒంటెలను తోలుకుంటూ వచ్చి, చేత్తో దక్షిణం వైపు చూపించాడు.

"యల్లా! సౌదీ సరిహద్దు దగ్గరే. నా వెంట రా."

"మిష్రిఫ్?"

ఇద్రీస్ అరచేయి గాలిలో తిప్పాడు. "ఎవరూ లేరంటున్నారు. అందరూ పోయారు. ఖాళీ."

అప్పుడే పంది వచ్చింది. గిన్నెలో నీళ్లు లేవు. అది గిన్నెను వాసన చూసి తల ఎత్తింది. పెంచల్‌కు కడుపు కాలిపోతోంది. ఇసుకలోంచి రైఫిలు తీశాడు. ఒక్క గుండు చాలు. ఆకలీ తీరుతుంది, పాత బాకీ కూడా. గురి పెట్టాడు. పంది పారిపోలేదు. గాయం ఉన్న జబ్బ అతని వైపు తిప్పి నిలబడింది.

కాళ్ల దగ్గరికి నడిచొచ్చిన దాన్ని కాల్చడం వేట కాదని అతని నాయన చెప్పేవాడు. పెంచల్ ట్రిగ్గరు మీంచి వేలు తీశాడు. రైఫిలు దించాడు. సిగ్గేసింది, దుఃఖం వచ్చింది.

పంది నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. గాయంలోంచి ఒక నెత్తుటి చుక్క ఇసుక మీద పడింది, కొంచెం అవతల ఇంకొకటి. అది తూర్పుకు పోతోంది. సరిహద్దు దక్షిణాన ఉంది. తూర్పున సైన్యం ఉంది, ఊరు ఉంది. సిద్ధమ్మ ఉంటే అటే ఉండాలి.

"నువ్వు పో అన్నా," అన్నాడు పెంచల్ ఇద్రీస్‌తో. "గాయం నాది."

ఇద్రీస్ పంది వైపు చూసి తల ఊపాడు. తన నీళ్ల క్యానులో సగం నీళ్లు పెంచల్ క్యానులోకి వంపి, కొన్ని ఖర్జూరాలు చేతిలో పోసి, ఒంటెలతో దక్షిణానికి మళ్లాడు. రైఫిలు చేతిలో ఉంటే సైనికులు చూసీ చూడగానే కాల్చేస్తారు. పెంచల్ దాన్ని తిరిగి పాతేసి, వట్టి చేతులతో పంది వెనక నడిచాడు.

చల్లబడ్డాక నడిచారు. ఎండెక్కితే కాలిపోయిన లారీ నీడలో పడుకున్నారు. పంది ముందు, అతను వెనక. క్యాను మూతలో నీళ్లు పోసి దానికి పెడితే మూతి తిప్పేసుకునేది. తాగాల్సిన చోటు ఇది కాదన్నట్టుండేది. రోజురోజుకూ దాని కుంటు ఎక్కువైంది. అది తూలినప్పుడల్లా పెంచల్ పట్టుకోబోయేవాడు. వెంట పోవడమంటే దాన్ని చావుకు సాగనంపడమేనని అతనికి తెలుసు. అయినా అడుగు ఆపలేదు.

పెద్ద రోడ్డు దగ్గర సైనికులు ఆపారు. ఒక కుర్ర సైనికుడు పందిని చూసి తుపాకి ఎత్తాడు. పెంచల్ అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"నాది! గాయం నాది!" అన్నాడు తన వచ్చీరాని అరబ్బీలో.

ఇసుక మూటల వెనకనుంచి మీసాలు నెరిసిన సైనికుడొకడు లేచి వచ్చాడు. ఇరాకులో అమారా వైపు నీళ్లల్లో, రెల్లు పొదల మధ్య పుట్టినవాడు. వాళ్ల వరి చేలను కూడా పందులు దున్నిపెడతాయి. అతను వంగి నెత్తుటి చుక్కలు చూశాడు, అవి వచ్చిన దారి చూశాడు.

"ఎంత దూరం నుంచి?" అన్నాడు.

"మా ఊరినుంచి."

ముసలి సైనికుడు కుర్రవాడి తుపాకి గొట్టాన్ని చేత్తో కిందికి వంచాడు. "మా దగ్గరా ఇంతే. గాయం చేసినవాడే పోవాలి. మధ్యలో ఎవడూ చెయ్యి పెట్టకూడదు." పెంచల్ చేతిలో ఒక రొట్టె పెట్టి, దారి వదిలాడు. వాళ్లు దాటిపోయాక కూడా అతను రోడ్డు మీదే నిలబడి చూస్తున్నాడు. అతనూ తన ఊరికి దూరంగా ఉన్నవాడే.

మిష్రిఫ్‌లోకి పొద్దున్నే అడుగుపెట్టారు. వీధుల్లో మనిషి లేడు. తెల్ల గోడలు, కాగితం పూలు, పెద్ద గేట్లు, మళ్లీ తెల్ల గోడలు. సిద్ధమ్మా అని పిలవాలని పెంచల్ నోటిదాకా వచ్చింది. ఏ గోడను చూసి పిలవాలి? పంది మాత్రం ఒక మలుపు దగ్గర కూడా ఆగలేదు. ఒక సందు దాటి, ఇంకో సందు తిరిగి, గొలుసూ బీగమూ వేసి ఉన్న ఒక గేటు ముందు ముంగాళ్ల మీద కూలి పక్కకు ఒరిగింది.

పెంచల్ దాని పక్కన చతికిలబడి తల ఒళ్లోకి తీసుకున్నాడు. ఊపిరి ఇంకా ఉంది, కానీ తేలిపోతోంది. నోట్లో నీళ్లు పోయాలి. క్యాను వంచితే చుక్క రాలేదు. ఇంత దూరం వచ్చి నీళ్లు లేకుండా దాన్ని పంపేస్తానేమోనని అతనికి భయం పుట్టింది. లేచి ఆ గేటును రెండు చేతులతో బాదాడు.

"మామా! మాయ్! మాయ్, మామా!" నీళ్లు, నీళ్లు అని అరిచాడు.

లోపల చెప్పుల చప్పుడైంది. గేటు వరకూ వచ్చి ఆగింది.

"ఎవురది?" అంది ఒక గొంతు.

పెంచల్‌కు ఆ గొంతు తెలిసింది. గేటు పట్టుకుని నిలబడ్డాడు. "నేనే," అన్నాడు.

లోపల గాజులు గేటుకు తగిలిన చప్పుడైంది. తర్వాత సిద్ధమ్మ, చిట్వేలి గడపలో నిలబడి అడిగినట్టే అడిగింది.

"ఏదయ్యా పంది?"

"ఈడనే. నీ గడప కాడనే పడింది."

చెప్పులు లోపలికి పరుగెత్తాయి, మళ్లీ వచ్చాయి. గేటు కింద జానెడు సందు ఉంది. అందులోంచి ముందు ఊరినుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు వచ్చింది, తర్వాత గాజుల చెయ్యి. పెంచల్ పంది మూతిని ఆ సందు దగ్గరికి జరిపాడు. సిద్ధమ్మ నేల మీద పడుకుని, చేత్తో తడిమి నోరు పోల్చుకుని నీళ్లు పోసింది. పంది తాగింది. దారి పొడుగునా మూతి తిప్పేసిన పంది, చెంబెడు నీళ్లూ తాగింది. జబ్బ మీది గాయం మూసుకుపోయింది. ఒక పెద్ద ఊపిరి వదిలి కళ్లు మూసింది.

"వాళ్లు పోతా పోతా బయట బీగం ఏసినారు," అంది సిద్ధమ్మ లోపలినుంచి. "ఇల్లు కాపలా కాయమన్నారు. తిండి అయిపోయి శానాదినాలైంది. అరిస్తే పలికే నరమానవుడు లేడు."

పెంచల్ విన్నాడో లేదో. పంది మెడ మీద చెయ్యి వేసుకుని ఏడుస్తున్నాడు. ఆనాడు టీ కొట్టు బల్ల మీద అన్న మాటే మళ్లీ బయటికి వచ్చింది.

"పోయిందే సిద్ధమ్మా. ఇంగ నాకెవురుండారు?"

గేటు కింద గాజుల చెయ్యి ఇంకా అక్కడే ఉంది. అది కాస్త ముందుకు వచ్చి అతని పాదం వేళ్లు పట్టుకుంది.

"నేనుండా గదయ్యా," అంది సిద్ధమ్మ. "లేచి ముందు బీగం పగలగొట్టు."

పెంచల్ కళ్లు తుడుచుకుని రాయి కోసం వెతికాడు.