నెల ఆగితే ఎక్కే స్కోరు

నారాయణకు అప్పంటే భయం లేదు, గడువంటేనే భయం. పులివెందుల హైస్కూల్లో గుమాస్తాగా చేరి పదిహేడేండ్లయింది. కరెంటు బిల్లు కానీ, క్రెడిట్ కార్డు బిల్లు కానీ ఆఖరి తేదీకి సరిగ్గా ఒకరోజు ముందు కట్టేవాడు. అట్లాంటి మనిషిని పట్టుకుని ఒక కంప్యూటరు నమ్మకస్తుడు కాదనింది. ఎవరికి మాత్రం మండదు?

ఉగాదికి ముందు అతని మూడెకరాల చీనీ (బత్తాయి) తోటలో బోరు ఎండిపోయింది. మూడువందల చెట్లు, తొమ్మిదేండ్లవి, భార్య అలివేలమ్మ బిందెలతో నీళ్లు మోసి బతికించినవి. కొత్త బోరుకు మూడు లక్షలు కావాలి. ఆమె నగలు పాతబోరు కోసం ముందే తాకట్టులో ఉన్నాయి. బ్యాంకులో సాజియా మేడం కంప్యూటరు చూసి, "మీ క్రెడిట్ స్కోరు ఏడువందల అరవై ఎనిమిది సార్. కాగితాలు తెండి, వారంలో అయిపోతాది" అనింది.

ఆ కాగితాల కోసం తిరుగుతున్న రోజుల్లోనే బామ్మర్ది శివ ప్రొద్దుటూరు నుంచి ఫోను చేశాడు.

"బావా, పెండ్లానికి గొలుసు తీసుకుంటాండా. నీ కార్డు మీదయితే నాలుగువేలు తగ్గిస్తారంట. దుడ్లు ఈ పొద్దే ఇస్తా."

నారాయణ నసిగాడు. పక్కనే ఉన్న అలివేలమ్మ, "మా తమ్ముడు ఎగ్గొడతాడా ఏంది? ఇయ్యి బావా" అనింది. ఇక నోరెక్కడ పెగులుతుంది? మేనత్త కూతురు, పైగా పెండ్లాం!

లక్షన్నర పరిమితి ఉన్న కార్డు మీద లక్షా నలభైవేలు గీశారు. శివ మాట తప్పలేదు, సాయంత్రానికే నోట్లు తెచ్చి చేతిలో పెట్టాడు. నారాయణ వాటిని బీరువాలో దాచాడు. గడువు పదహైదో తేదీ. అలవాటు ప్రకారం పద్నాలుగున కట్టి, కాగితాలు పట్టుకుని బ్యాంకుకు పోయాడు.

సాజియా ముఖం చిన్నబోయింది. "ఆరువందల తొంభై ఎనిమిదికి పడిపోయింది సార్."

"నేనేం ఎగ్గొట్టినానమ్మా?"

"ఎగ్గొట్టలేదు సార్. పోయిన నెలాఖరున బిల్లు పడినప్పుడు మీ కార్డు దాదాపు నిండిపోయుండాది. ఆ పొద్దు లెక్కే స్కోరు వేసేవాళ్లకు పోతాది, కార్డు అంత నిండితే స్కోరు తగ్గుతాది. ఇప్పుడు కట్టింది వచ్చే లెక్కలో కనపడతాది, మళ్లీ ఎక్కుతాది. ఒక్క నెల ఆగండి."

"చెట్లు ఆగుతాయా?"

ఆమె కంప్యూటరు తెర అతని వైపు తిప్పింది. ఏడువందలకు రెండు తక్కువైనా కంప్యూటరు తీసుకోదట.

ఆత్రం ఆగక జమ్మలమడుగులో ఒక ఫైనాన్సు కంపెనీకి పోయాడు, మర్నాడు ప్రొద్దుటూరులో ఇంకోదానికి. ఇద్దరూ స్కోరు చూశారు, ఇద్దరూ లేదన్నారు. వాళ్లు చూసినందుకే అది ఇంకా తగ్గి ఆరువందల ఎనభై ఒకటి అయింది. అప్పు అడిగితేనే తగ్గుతుందట! గోరుచుట్టు మీద రోకటిపోటు.

చివరికి సిగ్గు చంపుకుని, బోరుకు బయానా అయినా అవుతుందని, ఆ గొలుసు ఒక నెల తాకట్టు పెట్టమని శివను అడిగాడు.

"కొత్త గొలుసు బావా! శుభమా అని కొంటిమి. ఎవరన్నా తాకట్టు పెడతారా?"

అలివేలమ్మ ఫోను లాక్కుని తమ్ముణ్ణి నానా తిట్లూ తిట్టింది. గొలుసు మాత్రం రాలేదు. ట్యాంకరు నీళ్లు కొని పోశారు. ఆ ఎండకు అవి తడిమచ్చ కూడా మిగలకుండా ఇంకిపోయాయి. ముందు పిందె రాలింది, తర్వాత ఆకు, ఆ తర్వాత కొమ్మలు పట్టుకుంటే పుటుక్కున విరగసాగాయి.

నెల తిరిగి వారమైంది. కట్టెల వ్యాపారి కోయించిన మొద్దులను ట్రాక్టరుకు ఎక్కిస్తుండగా నారాయణ ఫోను మోగింది. అభినందనలు, మీ స్కోరు ఏడువందల యాభై ఒకటి, మూడు లక్షల రుణం మీ కోసం సిద్ధంగా ఉంది అని మెసేజి.

"ఏందంట?" అనింది అలివేలమ్మ.

చదివి వినిపించాడు. ఆమె నరికిన మోళ్ల వైపు చూసింది.

"ఆ పొద్దు కార్డు ఇయ్యమన్న నా నోట్లో మన్ను పడ" అనింది. తర్వాత ఫోను వైపు చెయ్యి చూపించింది. "తీసకపో బావా. దాన్నే ఆ మోళ్లకు కట్టుపో, నీళ్లకు బదులు."