హొలిస్ షాపులో ఆరుగురు వెల్డర్లు

ఏడాదంతా ఎండ కాసే దీవిలోని పాయింట్ ఫోర్టిన్ ఊళ్లో చమురు ట్యాంకులు చేసే షాపు హొలిస్ లెజామాది. అక్కడ వెర్లిన్ క్వాషీ పదహారేళ్లుగా వెల్డర్. ఆమె వేసిన అతుకును ఎక్స్‌రే తీసినా తప్పు దొరికేది కాదు. ఆ పనితనం ఆధారంగానే ఆమె కెనడా వలసకు దరఖాస్తు పెట్టుకుంది. హొలిస్ అనుభవ పత్రం నవ్వుతూనే రాసిచ్చాడు. తీరా అక్కడి ఆఫీసువాళ్లు ఫోన్ చేసి అడిగితే, "ఆవిడా? షాపు ఊడుస్తుంది, టీ పెడుతుంది" అన్నాడు.

దరఖాస్తు తిరగ్గొట్టారు. హొలిస్ చెప్పిన మాటే కారణమని ఉత్తరంలోనే రాశారు. అప్పటికే ఆమెకు నలభై అయిదు నిండాయి. వయసుకిచ్చే మార్కులు పోయాయి, మళ్లీ పెట్టినా గట్టెక్కదు.

"నేను ఊడ్చేదాన్నా బాస్?"

"నువ్వు పోతే ట్యాంకులు ఎవడు చేస్తాడు? అయినా ఆ చలికి బిగుసుకుపోతావ్. నీ మంచికే చెప్పాను. పో, పని చూసుకో."

వెర్లిన్ ముఖానికి ముసుగు దించుకుని పని చూసుకుంది. ముసుగు వెనక పళ్లు బిగించి ఒకటే అనుకుంది: వీడి షాపులో మంట వెలగకూడదు.

ఆ ఆదివారం మిగిలిన అయిదుగురు వెల్డర్లనూ ఇంటికి పిలిచి, కెనడాకు దరఖాస్తులు పెట్టమంది. అందరూ ముప్ఫై దాటనివాళ్లే.

"అక్కా, నేను బడి మధ్యలో మానేసినవాణ్ణి. నన్నెవరు రానిస్తారు?" అన్నాడు ఆన్సిల్.

"బడికెళ్లి చదువుకో, పరీక్ష రాయి. మిగతాది నేను చూస్తా."

ఏడాదిన్నర వాళ్లను నిద్రపోనివ్వలేదు. జీతం చీటీలు వెతికించింది. ట్యాంకులు కొన్న కంపెనీల ఇంజనీర్ల గుమ్మాలెక్కి, ఎవరి పని ఎవరిదో సంతకాలతో రాయించుకుంది. హొలిస్ తనకు చేసింది ప్రమాణపత్రంగా రాసి ప్రతి దరఖాస్తుకూ జతచేసింది. ఈసారి ఆఫీసువాళ్లకు హొలిస్‌ను అడగాల్సిన అవసరమే రాలేదు. ఒకరి తర్వాత ఒకరుగా అయిదుగురికీ అనుమతి వచ్చింది.

"ఎవరూ నోరు విప్పొద్దు. వాడు పెద్ద పని ఒప్పుకునేదాకా ఆగండి" అంది వెర్లిన్.

హొలిస్ ఆరు ట్యాంకులకు సంతకం పెట్టిన వారానికి ఆరుగురూ ఒకేసారి మానేశారు. మర్నాడే అతను చెమటలు కక్కుతూ ఆమె గేటు దగ్గరికొచ్చాడు.

"వెర్లిన్, నువ్వయినా రా అమ్మా. షాపు మునిగిపోతుంది."

"ఊడ్చేవాళ్లు ఊళ్లో బోలెడు మంది దొరుకుతారు బాస్."

"ఆ కుర్రాళ్లను ఎగదోసింది నువ్వేనా?"

"నేనే. ఒక్కొక్కణ్ణీ చెయ్యి పట్టుకుని దాటించా. నన్ను మాత్రం దాటనివ్వలేదు నువ్వు."

నాలుగు నెలలకు షాపు మూతపడింది. బోర్డు దించుతున్నారని తెలిసి వెర్లిన్ పనిగట్టుకుని వెళ్లింది. ఎదురు బండి దగ్గర శనగల కూర పెట్టిన డబుల్స్ రొట్టెలు రెండు, కారం ఎక్కువ వేయించుకుని కొంది. బోర్డు నేలను తాకేదాకా నిలబడి, తాపీగా తింది.