తెరిచి ఉంచాల్సిన తలుపు

మా బావకు కొండలంటే పిచ్చి, అక్కకు ఫొటోలంటే పిచ్చి. ఆ రెండు పిచ్చుల మధ్య నలిగేది నేను. పొద్దున్నే బావ తాడూ హెల్మెట్టూ తగిలించుకుని బండలెక్కడానికి పోయాడు. ఆయన దిగి వచ్చేదాకా ఏం చెయ్యాలో తోచక అక్కా నేనూ ఊరి చివర పాత గని కార్మికుల ఇళ్ళు చూడబోయాం. గని మూతపడి చాలా ఏళ్ళయింది. ఆ ఇళ్ళ వరసను ఇప్పుడు మ్యూజియం చేశారు.

ఇంటికి ఒక్కటే గది. ఇనప మంచం, బొగ్గుల పొయ్యి, మేకుకు వేలాడే లాంతరు. ఒక ఇంట్లో గిన్నెలు తోముతున్న మైనపు ఇల్లాలు, ఇంకో ఇంట్లో బూట్లు విప్పుతున్న మైనపు మనిషి. చివరి ఇంట్లో మంచం మీద గోడకు ఆనుకుని, దుప్పటి కప్పుకున్న ముసలాయన. అక్క మురిసిపోయింది.

"చూడవే, గడ్డం ఎంత బాగా అతికించారో!" అంటూ పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి ఫొటో తియ్యమంది. నేను తీస్తుండగా బొమ్మ దగ్గింది.

అక్క పెట్టిన కేకకు పెరటి గుమ్మంలోంచి ముసలావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "భయపడకమ్మా, మా ఆయనే. రెండ్రోజులుగా జ్వరం."

అక్క ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "అయ్యో, తెలీక చేశాను పెద్దమ్మా! మీరింకా ఇక్కడే ఉంటున్నారా?"

"వరసంతా ఖాళీ చేయించారు. మేం కదలమన్నాం. సరే, బతికున్నంతకాలం ఉండండి, కానీ జనం వచ్చే వేళల్లో తలుపు తెరిచే ఉంచాలన్నారు. మూశామా, ఇల్లు వదులుకోవాల్సిందే."

నాకు ఒళ్ళు మండింది. జ్వరంతో ఉన్న మనిషి తలుపేసుకోకూడదా! నేను నోరు తెరిచేలోపే అక్క లేచి గభాలున తలుపు మూసి, దానికి అడ్డంగా నిలబడింది. "ఎవడొస్తాడో నేను చూస్తా. పెదనాన్నగార్ని కాసేపు పడుకోనివ్వండి."

ముసలావిడ అక్కను పక్కకు తోసి తలుపు బార్లా తీసింది. "నీకు పుణ్యముంటుంది తల్లీ, అంత పని చెయ్యకు. సాయంత్రానికి మీరెళ్ళిపోతారు. మేం ఎక్కడికి పోవాలి?"

బయట ఇంకో గుంపు మాటలు వినిపించాయి. ఆవిడ మొగుడి చేత రెండు గుక్కలు నీళ్ళు తాగించి, దుప్పటి సర్దింది. "దగ్గొస్తే ఆపుకో. కదలకు."

"ఎందుకండీ?" అన్నాను.

"మనిషని తెలిస్తే కూర్చుని కబుర్లడుగుతారమ్మా. బొమ్మనుకుంటే త్వరగా పోతారు."

నాకు ఏడుపొచ్చింది. ముసలాయన చూపు గోడమీద నిలిపి, ఊపిరి బిగబట్టాడు. గుంపు లోపలికి వచ్చింది.