అడవి క్యాంపులో బోళ్లు

ప్లాస్టిక్ పళ్లేల వల్ల అడవికి ఎంత చేటో లచ్చిరాం సారు పిల్లలకు చక్కగా చెప్పాడు. పిల్లలు స్టీలు పళ్లేల్లో తిని లేచారు. ఆ పళ్లేలు తోమేదెవరో మాత్రం పాఠంలో లేదు. సారు భార్య తుల్సీబాయి బూడిద, పీచు పట్టుకుని కూర్చుంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బడులు బంద్. పిల్లలకు అడవిని కాపాడడం నేర్పుదామని సార్లంతా కలిసి భూపాలపల్లి అడవి అంచున క్యాంపు పెట్టారు. "జర దుకాణం మూసి రారాదే, నీకు గూడ గాలి మారినట్టుంటది," అన్నాడు లచ్చిరాం. సారు జీతం ఆగినప్పటి నుంచి ఇల్లు నడుస్తున్నది తండాలో ఆమె పెట్టుకున్న ఆ కిరాణా దుకాణంతోనే. అయినా మూయాల్సింది అదే. ఏ బేరంలోనైనా ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి మారుతుంటాయి. ఈ సంసారంలో ఇచ్చే చెయ్యి ఎప్పుడూ ఆమెదే. "మొగోడు పదిమంది కోసం తిరుగుతుంటే ఇంత ఉడకేయనీకి ఏడుస్తవా?" అనేది అత్త.

పక్షుల్ని చూపిస్తామంటే కూతురు దీప అందరికంటే ముందే బూట్లు వేసుకుని వరుసలో నిలబడింది.

"నువ్వు అమ్మకు సాయముండు బిడ్డా. పక్షులు రేపు గూడ ఉంటయి," అన్నాడు లచ్చిరాం.

దీప బూట్లు విప్పి, తల్లి పక్కన కూర్చుని పళ్లెం అందుకుంది. అలా నోరు మూసుకుని కూర్చోవడం పిల్లకు ఎవరూ నేర్పలేదు. తల్లిని చూసి నేర్చుకుంది. తుల్సీబాయికి ఒళ్లు మండింది.

"బూట్లేసుకో."

"యాడీ, బాపు తిడతడు," అంది దీప అమ్మతో.

"తిట్టనీ." ఆమె లేచి గట్టిగా అరిచింది. "పిల్లలూ, ఆగుండ్రి! ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కొని పోవాలె!"

లచ్చిరాం గబగబా వెనక్కొచ్చాడు. "వాళ్లు అడవిని చూడనీకి వచ్చిండ్రే, బోళ్లు తోమనీకి గాదు."

"నా బిడ్డ దేనికొచ్చింది?"

"మెల్లగ! సార్ల ముందట ఇజ్జత్ తీయకు."

"సకల జనుల సమ్మె అంటివి. నన్ను జనంల లెక్కవెట్టలేదా?"

సారు తోటి సార్ల వైపు ఓసారి చూశాడు. "మరి మాపటికి తిండెట్ల?" అన్నాడు.

"బియ్యం సంచి గక్కడుంది. కట్టెలేరుడు గూడ అడవి పాఠమే, చెప్పు."

బూట్లేసుకున్న కూతురి చెయ్యి పట్టుకుని తుల్సీబాయి పక్షులున్న దిక్కు కాలిబాటలో ముందు నడిచింది. వెనుక ఒక్కో పళ్లెం కదులుతున్న చప్పుడు. ఎవరు తీస్తున్నారో ఆమె తిరిగి చూడలేదు.