సంచిలో నడిచిన పచ్చ చుక్కలు

నేను ఒక పాత సెల్‌ఫోన్‌ని. నా అద్దం మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒక పగులు గీత ఉంది.

నేను పుట్టిన చోట ఆడపిల్లలు వరుసగా కూర్చుని పనిచేసేవారు. తలకు టోపీలు, మూతికి గుడ్డలు. నాకు అద్దం బిగించిన పిల్ల ముఖం నేను చూడనేలేదు. పక్కపక్కనే కూర్చున్నా వాళ్లు మాట్లాడుకోకూడదట. మాటలు మోసే వస్తువును అంత నిశ్శబ్దంలో తయారు చేస్తారని ఎవరూ అనుకోరు.

మొదట నన్ను ఒక మందుల కంపెనీ ఏజెంటు కొన్నాడు. బండి నడుపుతూ నన్ను మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకునేవాడు. ఊరికి ఇంకా ఎంతో దూరంలో ఉండగానే, “వచ్చేశాను సార్, గేటు దగ్గరే ఉన్నాను” అనేవాడు. ఒకరోజు జారి రోడ్డు మీద పడ్డాను. అతను కొత్తది కొనుక్కున్నాడు. నేను విజయనగరంలో ఒక రిపేరు దుకాణం చేరి, అక్కడి నుంచి భూలక్ష్మి చేతికి వచ్చాను.

భూలక్ష్మి డిగ్రీ చదువుతోంది. బస్సు ఆమెను కూడలిలో దింపేస్తుంది. అక్కడి నుంచి కాలేజీ దాకా జీడితోటల మధ్య పొడుగాటి రోడ్డు. అందరూ ఆటో ఎక్కుతారు. రెండు పూటలా ఆటో అంటే భూలక్ష్మి ఇంట్లో కుదరదు. నడుస్తానంటే తల్లి సన్యాసమ్మ ఒప్పుకోలేదు.

“తోడుంటే నడు. ఒక్కర్తివీ ఆ తోటలంట ఎల్తానంటే సదువు మానీ.”

అప్పుడే కాలేజీవాళ్లు ‘అడుగు’ అని ఒక యాప్ పెట్టారు. నడిచిగానీ సైకిలు మీదగానీ వచ్చేవాళ్లు అందులో పటం మీద పచ్చ చుక్కలుగా కనబడతారు. వాళ్లకు పర్యావరణం పేపరులో మార్కులు కలుపుతామన్నారు. ఇంకెవరైనా నడుస్తారు, తోడు దొరుకుతుందని భూలక్ష్మి ఆశపడింది.

మర్నాడు కూడలిలో ఆటో ఎక్కబోతూ, ఆమె క్లాసు పిల్ల హారిక తన ఫోను తీసి భూలక్ష్మి సంచిలో పడేసింది.

“నువ్వెలాగూ నడుస్తావు కదే. మా నడక కూడా నువ్వే నడిసీ.”

హారికతో ఉన్న ముగ్గురూ నవ్వుతూ తమ ఫోన్లూ వేశారు.

ఆ సాయంత్రం భూలక్ష్మి నన్ను తల్లికి చూపించింది. రోడ్డు మీద ఐదు పచ్చ చుక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని వెళ్లిన దారి. సన్యాసమ్మ వాటిని వేలితో తాకి చూసింది.

“ఐదుగురా? ఇందులో నువ్వేదివే?”

“మజ్జిలోదమ్మా.”

సన్యాసమ్మ ఇక నడవడానికి ఒప్పుకుంది. ఆ రాత్రి కడుపునిండా తింది.

మనుషుల తీరు చిత్రమైనది. చేతిలో ఫోన్లు లేని ఆ కాసేపు ఆటోలో నలుగురికీ మాటలు పుట్టాయి. కాలేజీ గేటు దగ్గర ఫోన్ల కోసం కాచుకునేటప్పటికి ఇంకా ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుండేవారు.

“ఏటే, అంత నవ్వుతున్నారు?” అని భూలక్ష్మి అడిగేది.

“ఆటోలో నువ్వుంటే తెలిసీది” అనేది హారిక.

రోడ్డు మీద ఆమె ఒక్కతే. కుక్కలు వెంటబడితే సంచిని గుండెకు అదుముకునేది. ఎవరైనా ఎదురొస్తే నన్ను చెవికి ఆనించుకుని, “వచ్చేశాను, గేటు దగ్గరే ఉన్నాను” అనేది. అవతల ఎవరూ ఉండేవారు కాదు.

చలికాలంలో ఒకరోజు సన్యాసమ్మ తేగల గంపతో సంతకని ముందు బస్సుకే బయల్దేరింది. కూడలిలో దిగి, కాలేజీ రోడ్డు కల్వర్టు మీద కూర్చుంది. కూతురితో నడిచే పిల్లలకని కాల్చిన తేగలు మూటకట్టి తెచ్చింది. నవ్వులతో ఒక ఆటో ఆమె ముందు నుంచే వెళ్లిపోయిందట. చాలాసేపటికి కూతురు వచ్చింది.

“మిగతా పిల్లలేరే?”

భూలక్ష్మి సంచి విప్పి పట్టుకుంది. సన్యాసమ్మ లోపలికి చూసింది. అప్పుడే హారిక ఫోను మోగింది. తెర మీద ‘అమ్మ’ అని ఉంది. అది మోగి మోగి ఆగేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

“రోజూ ఇంతేనా?”

“ఇంతేనమ్మా.”

సన్యాసమ్మ తిట్టలేదు. గంప నెత్తిన పెట్టుకుని కూతురి పక్కన గేటు దాకా నడిచింది. ఆ రోడ్డు మీద భూలక్ష్మికి దొరికిన తోడు అదొక్కటే. పటం మీద మాత్రం ఆ రోజూ ఐదు చుక్కలే. సన్యాసమ్మకు ఫోను లేదు.

గేటు దగ్గర మూట విప్పి తేగలు పంచింది.

“తినండమ్మా. అంత దూరం నడిసొచ్చినారు, ఆకలేసుంటాది.”

హారిక తేగ చేత్తో పట్టుకుని తల వంచుకుంది.

మర్నాటి నుంచి తల్లి మాట మీద భూలక్ష్మి ఆటో ఎక్కింది. ఆటో డబ్బుల కోసం సన్యాసమ్మ సంతకు ఇంకో గంప మోయసాగింది. ఇన్నాళ్లూ దూరం నుంచి ఎవరి నవ్వులు విందో ఆ నలుగురి మధ్య భూలక్ష్మి చున్నీ సర్దుకుని కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. ఎవరి ఫోను వాళ్ల చేతిలో ఉంది. నాలుగు తలలూ వంగి ఉన్నాయి. కాసేపు చూసి ఆమె కూడా నన్ను బయటికి తీసింది. పటం మీద చుక్కలేవీ లేవు.

ఎండలు ముదరకముందే నా బ్యాటరీ ఉబ్బిపోయింది. ఇప్పుడు ఆమె ట్రంకు పెట్టెలో పాత బట్టల కింద ఉన్నాను. పొద్దున్నే ఆమె సంచి సర్దుకుని వెళ్లే చప్పుడు వినిపిస్తుంది. కొత్త ఫోను లేక చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆటోలోంచి జీడితోటలు చూస్తూ వెళ్తుందనుకుంటాను.

ఆ ఆటోలో మాటలు పుట్టేది చేతులు ఖాళీగా ఉన్నప్పుడే. ఆమె చేతులు ఖాళీ అయ్యాయి. ఇంకొక్కరి చేతులైనా ఖాళీ కావాలి.